పొయ్యి ఆరనివ్వని సమ్మె

నా చిన్నప్పుడు మా తాతయ్య ఒక పొయ్యిని కనిపెట్టుకుని ఉండేవారు. అది వంటింటి పొయ్యి కాదు. రాజోలు దాటి కాలవ గట్టున కొంచెం దూరం పోతే కొబ్బరి తోటల మధ్య ఒక సీసాల ఫ్యాక్టరీ ఉండేది. అందులో ఇసుకా, సోడా, సున్నపురాయీ, పగిలిన గాజు పెంకులూ కలిపి కరిగించే పొయ్యి అది. ఇంజనీర్లు దాన్ని ఫర్నేసు అనేవారు, పనివాళ్ళు మాత్రం పొయ్యి అనే అనేవారు. మా నేల కింద గ్యాసు పడ్డాక, ఆ గ్యాసుతో నడుస్తుందని ఎవరో పెద్దమనుషులు తెచ్చి పెట్టిన ఫ్యాక్టరీ. ఒకసారి వెలిగించాక ఆ పొయ్యిని ఏళ్ళ తరబడి ఆర్పకూడదు. పండక్కీ ఆర్పకూడదు, తుఫానుకీ ఆర్పకూడదు. మా తాతయ్య దాని దగ్గర మేస్త్రి. నీలం గాజు పలక కంటికి అడ్డం పెట్టుకుని, పొయ్యికున్న చిన్న కంతలోంచి లోపలికి చూసి, మంట రంగును బట్టి వేడి ఎంత ఉందో చెప్పేవారు. ఆయన కనుబొమల్లో వెంట్రుకలు ఎప్పుడూ సగమే ఉండేవి.

నేనప్పుడు ఆరో తరగతి. తొంభైల మొదటి సంవత్సరాలవి. మా అమ్మా నాన్నా అప్పనపల్లి వైపు కౌలుకి పొలం చేసుకుంటూ, చదువు కోసం నన్ను అమ్మమ్మ దగ్గర వదిలారు. మా బడికీ ఫ్యాక్టరీకీ మధ్య పది నిమిషాల నడక. మధ్యాహ్నం గంట కొట్టగానే ఇంటికి పరుగెత్తి, నాలుగు మెతుకులు తిని, అమ్మమ్మ కట్టిన క్యారేజీ తీసుకెళ్ళి ఫ్యాక్టరీ గేటు దగ్గర తాతయ్యకి ఇచ్చి రావడం నా పని. ఆ పనంటే నాకు గర్వంగా ఉండేది. గేటు కాపలా మనిషి నన్ను చూసి, ‘మేస్త్రి గారి మనవరాలు’ అని పక్కకి జరిగేవాడు.

పక్కింట్లో ఒక అక్క ఉండేది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. తండ్రి లేడు, తల్లికి చూపు తక్కువ. అక్క కూడా ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేది, సీసాలు ఏరే సెక్షన్‌లో. మెషీన్లోంచి వచ్చిన సీసాలు వరసగా ముందుకు జరుగుతుంటే, వెనకాల వెలిగే దీపం వెలుతురులో ఒక్కొక్కటీ చూసి, బుడగ ఉన్నదీ పగులు ఉన్నదీ పక్కకి తీసెయ్యాలి. అక్కడ అందరూ ఆడవాళ్ళే. చేతులకి తొడుగులుండవు. సాయంత్రం ఇంటికొచ్చాక అక్క మా అరుగు మీద కూర్చుని వేళ్ళకి పసుపు పెట్టుకునేది. ‘ఇవాళ రెండేనే’ అని నవ్వుతూ గాట్లు చూపించేది. చూసీ చూసీ నాకూ అది మామూలైపోయింది.

ఒక రోజు ఒక సీసా ఆమె చేతిలోనే పేలిపోయింది. పగులున్న సీసా వేడి పూర్తిగా తగ్గకుండా బయటికొస్తే అలా జరుగుతుందని తర్వాత తాతయ్య చెప్పారు. కుడి అరచెయ్యి అడ్డంగా తెగింది. తోటివాళ్ళు చీర చెంగు చింపి కట్టి, రిక్షాలో ఎక్కించి, రాజోలులో కుట్లు వేయించి, ఆ తర్వాత అమలాపురం ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ప్రాణానికేం కాలేదు. కానీ చివరి రెండు వేళ్ళూ మడత పడడం మానేశాయి. నెల తిరిగాక అక్క ఫ్యాక్టరీకి వెళ్ళి, తన సంగతేంటని అడిగితే, మేనేజరు గారు రిజిస్టరు తీసి చూపించారట. అందులో ఆమె పేరు లేదు. సీసాలు ఏరే ఆడవాళ్ళెవరి పేర్లూ లేవు. వాళ్ళంతా కాంట్రాక్టరు మనుషులన్నారు. కాంట్రాక్టరు దగ్గరికి వెళితే, పని చేసింది ఫ్యాక్టరీలో కదా అక్కడే అడుక్కోమన్నాడు. అక్క ఆ రోజు మా అరుగు మీద కూర్చుని పసుపు పెట్టుకోలేదు, నవ్వలేదు. ‘నాలుగేళ్ళు చేసేనండి తాతయ్యగారూ, నేను లేనంటన్నారు’ అంది. తాతయ్య చాలాసేపు అరుగు అంచు గోటితో గీస్తూ ఉండిపోయారు.

అంతకు ముందు ఒకసారి ఆ ఫ్యాక్టరీలో సంఘం పెట్టబోతే ముందు నిలబడ్డ ఇద్దరినీ పనిలోంచి తీసేశారట. అప్పటి నుంచీ సంఘం అనే మాట గట్టిగా అనేవారు కాదు. అక్క సంగతి జరిగాక మాత్రం మాట మళ్ళీ లేచింది. మెషీన్ సెక్షన్‌లో ఒకాయన ఉండేవారు, పదో తరగతి చదివినవారు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడించేవారు. ఆయన ఇంటింటికీ తిరిగారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి పక్కన బడి వసారాలో అందరూ కూడారు. అక్క నన్ను వెంట తీసుకెళ్ళింది, దరఖాస్తు మీద ఎడమ చేత్తో సంతకం పెడుతుంటే కాగితం కదలకుండా పట్టుకోడానికి. అక్షరాలు వంకరగా వచ్చాయి. ‘బాగోలేదు కదే’ అంది. ‘నాది ఇంకా బాగోదు’ అన్నాను. అలా పుట్టింది గాజు కార్మికుల సంఘం. చర్చిలో పాటలు పాడించే ఆయన్నే సెక్రటరీగా పెట్టుకున్నారు. ఆ రోజు నుంచీ ఊరంతా ఆయన్ని సెక్రటరీ గారనే పిలిచింది. అందుకని నేనూ అలాగే రాస్తాను.

సంఘం అడిగినవి పెద్ద కోరికలు కావు. సీసాలు ఏరే ఆడవాళ్ళ పేర్లు ఫ్యాక్టరీ రిజిస్టర్లో రాయాలి. చేతులకి తొడుగులు, కళ్ళకి అద్దాలు ఇవ్వాలి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఒక బండి ఉండాలి. అక్కకి చెయ్యగలిగిన పని ఏదైనా ఇవ్వాలి. రెండు నెలలు కాగితాలు అటూ ఇటూ తిరిగాయి. చివరికి మేనేజరు గారు సంఘాన్నే గుర్తించనన్నారు. దాంతో సమ్మె అనుకున్నారు.

సమ్మెకి ముందు ఆదివారం మళ్ళీ అదే వసారాలో సమావేశం. జనం పట్టక మెట్ల మీదా, కొబ్బరి చెట్ల కిందా కూర్చున్నారు. నేను అక్క పక్కనే ఉన్నాను. మా తరగతిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలి నాన్న లేచారు. ఆయనది మెషీన్ సెక్షనే. మంచి మాటకారి. కోపమొస్తే మెడ నరాలు పైకి తేలేవి.

‘గ్యాసు కట్టేద్దామండీ,’ అన్నారాయన. ‘పొయ్యి చల్లారిపోతే రెండో రోజుకే కాళ్ళ బేరానికొస్తారు. మన చేతిలో ఉన్నది అదొక్కటే.’

చాలామంది ‘ఆయ్, నిజమే’ అన్నారు. చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు మా తాతయ్య లేచారు. ఆయన సభల్లో మాట్లాడే మనిషి కాదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని, నేల చూపులు చూస్తూ మాట్లాడారు.

‘పొయ్యి చల్లారితే లోపలున్న గాజంతా ఒకే రాయైపోద్దండి. ఇటికలు పగిలిపోతాయి. ఆ రాయిని తియ్యాలంటే పొయ్యినే పడగొట్టాలి. మళ్ళీ కట్టడానికి ఏడాది పట్టొచ్చు. ఏడాది మనం ఎక్కడుంటాం? అసలు వాళ్ళు మళ్ళీ కడతారని ఏంటి నమ్మకం? సీసాలు తియ్యొద్దు, ఒక్క సీసా కూడా తియ్యొద్దు. పొయ్యి మాత్రం ఆరనివ్వొద్దు. షిఫ్టుకి నలుగురం లోపలికెళ్ళి కనిపెట్టుకుంటాం.’

వసారా అంతా గోలైపోయింది. సమ్మె అంటూ లోపలికెళ్ళడమేంటని కొందరు లేచి నిలబడ్డారు. మేస్త్రి గారికి కంపెనీ మీద ప్రేమ ఎక్కువని ఎవరో వెనక నుంచి అన్నారు. తాతయ్య మెడ ఎర్రబడింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నారు. అప్పుడు అక్క లేచింది. అంతమంది మగవాళ్ళలో ఆమె గొంతు సన్నగా వినిపించింది.

‘నా చెయ్యి అక్కడే పోయిందండి. ఆ ఫ్యాక్టరీయే లేకపోతే రేపు నేనెవర్ని అడగాలి? నాకు అది ఉండాలండి. అది ఉండాలి, నేను అందులో ఉన్నానని వాళ్ళు రాయాలి.’

అలా అని కూర్చుండిపోయింది. నేను ఆమె మోకాలి మీద చెయ్యేశాను. సెక్రటరీ గారు చేతులెత్తమన్నారు. ఆడవాళ్ళు దాదాపు అందరూ తాతయ్య వైపు ఎత్తారు. మగవాళ్ళు సగం సగం. తాతయ్య మాట నెగ్గింది. కానీ నా స్నేహితురాలి నాన్న చెయ్యెత్తకుండా వెళ్ళిపోవడం నేను చూశాను.

సోమవారం నుంచి గేటు ఎదురుగా టెంటు వేశారు. ఎర్ర గుడ్డ మీద తెల్ల అక్షరాలతో సంఘం పేరు. పొయ్యి దగ్గరికి వెళ్ళేవాళ్ళకి సెక్రటరీ గారు తన చేత్తో చీటీ రాసి ఇచ్చేవారు. ఆ పనికి కంపెనీ దగ్గర కూలి తీసుకోకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. తాతయ్య పొద్దున్న ఎనిమిదింటికి లోపలికి వెళ్ళి సాయంత్రం నాలుగింటికి బయటికొచ్చేవారు. నేను మామూలుగానే మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని. కానీ ఇప్పుడు గేటు దాకా వెళ్ళాలంటే టెంటు ముందు నుంచి వెళ్ళాలి. నేను వెళుతుంటే మాటలు ఆగిపోయేవి. అంతమంది చూస్తుండగా ఆ నాలుగడుగులూ నడవడం నాకు కష్టమయ్యేది.

వారం గడిచింది. ఇళ్ళల్లో బియ్యం తగ్గాయి, మాటల్లో కారం పెరిగింది. ఒక రోజు బళ్ళో నా స్నేహితురాలు తన పుస్తకాలు తీసుకుని వెనక బెంచీకి వెళ్ళిపోయింది. ఎందుకే అంటే, అందరూ వినేలా చెప్పింది: ‘మీ తాతయ్య కంపెనీ మనిషంట. అందరూ బయట ఎండలో కూర్చుంటే ఆయన మాత్రం లోపలికెళ్ళి పని చేసుకుంటున్నాడంట. మా నాన్న చెప్పేడు.’

సమావేశంలో తాతయ్య అన్న మాటలు నేను విన్నాను కానీ, వాటిని తిరిగి చెప్పేంత అర్థం కాలేదు. పొయ్యి అనీ రాయి అనీ ఏదో నసిగాను. పిల్లలు నవ్వారు. పైగా నా లోపల కూడా ఒక అనుమానం పుట్టింది. నిజమే కదా, అందరూ బయట ఉంటే ఈయన లోపలికి ఎందుకు వెళ్ళాలి? వెళ్ళి ఏం చేస్తున్నారు? మా ఇంట్లో దీని గురించి ఎవరూ నాతో ఒక్క మాట చెప్పలేదు. చిన్నపిల్లకెందుకని అనుకుని ఉంటారు.

ఆ మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని బయల్దేరాను. కాలవ వంతెన దగ్గరికి వచ్చేసరికి టెంటు కనిపించింది. అక్కడే ఆగిపోయాను. వంతెన పక్కన మొగలి పొద ఉండేది. క్యారేజీని అందులోకి తోసేసి వెనక్కి తిరిగి బడికి వెళ్ళిపోయాను. మధ్యాహ్నం పాఠాలేవీ తలకెక్కలేదు. తాతయ్య గేటు దగ్గరికొచ్చి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళి, మళ్ళీ వచ్చి చూస్తున్నట్టు కళ్ళకి కడుతూనే ఉంది. ఆ వేడి దగ్గర నిలబడే మనిషి పొద్దున్న తాగిన గంజి మీద సాయంత్రం దాకా ఉండాలి. అది తెలిసీ చేశాను.

బడి వదిలాక మొగలి పొద దగ్గరికి పరుగెత్తాను. క్యారేజీకి చీమలు పట్టేశాయి. దాన్ని దులుపుకుని చేత్తో పట్టుకుని, ఇంటికి వెళ్ళే ధైర్యం లేక, అలాగే టెంటు వెనక్కి చేరాను. నాలుగైంది. గేటు తెరుచుకుని తాతయ్య బయటికొచ్చారు. ఆయన ఇంటివైపు తిరుగుతారనుకున్నాను. తిరగలేదు. నేరుగా టెంటు ముందుకొచ్చి, చెప్పులు విడిచి, తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడ్డారు. అప్పుడు నాకు తెలిసింది, సమ్మె మొదలైన రోజు నుంచీ ఆయన రోజూ అలాగే నిలబడుతున్నారని. ఎవరూ అడగలేదు, సంఘం కట్టుబాటులోనూ లేదు. తనంతట తానే మొదలుపెట్టారు.

‘పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళేనండి,’ అని మొదలుపెట్టారు. ‘గ్యాసు ఎంతలో పెట్టాలో అంతలోనే ఉంచేం. కొత్త సరుకు వెయ్యలేదు. మెషీన్లు ముట్టుకోలేదు. ఒక్క సీసా తియ్యలేదు. పన్నెండింటికి మేనేజరు గారు పిలిచేరు. ఒక మెషీను తిప్పుదాం, బయట నుంచి నలుగుర్ని తెస్తాను, నిన్ను సూపర్‌వైజరుగా రాస్తాను అన్నారు. కుదరదండి అన్నాను. బయటి మనుషులు గేట్లో అడుగు పెడితే మా నలుగురం బయటికొచ్చేస్తాం, పొయ్యి సంగతి మీరే చూసుకోండి అన్నాను. ఇదండీ ఇవాళ జరిగింది.’

నా స్నేహితురాలి నాన్న ముందు వరసలోనే ఉన్నారు. ఆయన నవ్వి, ‘అలాగే అన్నారని ఏంటండీ నమ్మకం? ఇవాళ మీకు క్యారేజీ కూడా రాలేదంట కదా. మీ వ్యవహారం మీ ఇంట్లోవాళ్ళకే నచ్చనట్టుంది’ అన్నారు.

అక్కడున్న వాళ్ళలో కొందరు నవ్వారు. టెంటు గుడ్డ వెనక నేను క్యారేజీని వీపు చాటుకి దాచుకున్నాను. తాతయ్యకి కోపం వస్తుందనుకున్నాను. వచ్చి ఉంటే నాకే కొంచెం తేలికగా ఉండేది.

‘ఆయ్, నచ్చలేదేమోనండి,’ అన్నారాయన. ‘అందులో తప్పు నాదే. వారం రోజుల నుంచి ఇక్కడ మీ అందరికీ చెబుతున్నాను గానీ, ఇంట్లో పిల్లకి ఒక్క మాట చెప్పలేదు. మా వల్ల దానికీ బళ్ళో మాటలు పడుతుంటాయి కదా. అవన్నీ అదే మోస్తోంది. దానికి చెప్పాల్సింది. ఇవాళ చెబుతాను.’ ముందు వరస వైపు తిరిగి అన్నారు: ‘ఇక నమ్మకం సంగతంటారా, నా మాట నమ్మక్కర్లేదు. రేపు మీరు నాతో రండి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా పక్కనే నిలబడండి. వచ్చి మీరే చెప్పండి వీళ్ళకి.’

సెక్రటరీ గారు వెంటనే చీటీ పుస్తకం తీశారు. నా స్నేహితురాలి నాన్న అటూ ఇటూ చూసి, అందరి ముందూ కాదనలేక, ‘వస్తాను, వస్తే ఏంటి’ అన్నారు.

నేను అడ్డదారిన ఇంటికి పరుగెత్తాను. తాతయ్య వచ్చి, కాళ్ళు కడుక్కుని, అమ్మమ్మ పెట్టింది ఆత్రంగా తిన్నారు. తర్వాత నన్ను పిలిచారు. అరుగు మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను. దెబ్బ పడుతుందనుకుని భుజాలు దగ్గరికి తీసుకున్నాను. ఆయన మాత్రం అరుగు కింద, వాకిట్లో నిలబడ్డారు. టెంటు ముందు నిలబడినట్టే నిలబడ్డారు. అరవై ఏళ్ళ మనిషి, పదకొండేళ్ళ పిల్ల ముందు.

‘అమ్మడూ, పొద్దున్న ఎనిమిదింటికి వెళ్ళేను,’ అని మొదలుపెట్టి, టెంటులో చెప్పిందంతా మళ్ళీ చెప్పారు. ఈసారి నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పారు. పొయ్యి ఎలా ఉంటుందో, అందులో గాజు పాకంలా ఎలా కదులుతుందో, చల్లారితే ఏమవుతుందో, ఫ్యాక్టరీ ఉండాలని అక్క ఎందుకందో. చెప్పడం అయ్యాక, ‘ఇంకేమైనా అడగాలా?’ అన్నారు.

నాకు ధైర్యం వచ్చింది. ‘మరి అందరూ కంపెనీ మనిషంటున్నారు కదా. మీకు కోపం రావట్లేదా?’

‘వస్తోంది. రాకుండా ఎలాగుంటది? కానీ వాళ్ళ కడుపులు కాలుతున్నాయమ్మా. నేను లోపలికెళ్తున్నాను, వాళ్ళకి లోపలేం జరుగుతుందో కనబడదు. కనబడనప్పుడు అనుమానం రాదా? అందుకే వెళ్ళి చెబుతున్నాను. నీకు చెప్పకపోవడం నా పొరపాటు. అది మనసులో పెట్టుకోకు.’

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఒక్కసారి వచ్చేసింది. మొగలి పొద సంగతీ, చీమల సంగతీ అన్నీ చెప్పేశాను. ఆయన గట్టిగా నవ్వారు. ‘పోనీలే, చీమలైనా తిన్నాయి కదా. ఏం కూర వండిందే మీ అమ్మమ్మ?’ అన్నారు. ‘పనసపొట్టు కూర’ అన్నాను వెక్కుతూ. ‘అయ్యో, అదా’ అని నిజంగానే బాధపడ్డారు. లోపల నుంచి అమ్మమ్మ నవ్వు వినిపించింది.

మర్నాడు తాతయ్యతోపాటు నా స్నేహితురాలి నాన్న లోపలికి వెళ్ళారు. మధ్యాహ్నం అమ్మమ్మ ఇద్దరికీ సరిపడా కట్టింది. టెంటు ముందు నుంచి తలెత్తుకుని నడిచాను. ఆ రోజు మాటలు ఆగాయో లేదో నేను గమనించలేదు. సాయంత్రం నాలుగింటికి బళ్ళోంచి నేనూ నా స్నేహితురాలూ ఎవరికి వారం పరుగెత్తుకుంటూ వచ్చి, టెంటు దగ్గర ఒకరి పక్కన ఒకరం తేలాం. వాళ్ళ నాన్న బయటికొచ్చారు. ఎండలో తిరిగే మనిషే అయినా, ముఖం అంతా కందిపోయి ఉంది. మెషీన్ సెక్షన్‌లో పదేళ్ళు చేసినా పొయ్యి పక్కన ఒక పూటంతా నిలబడడం ఆయనకి అదే మొదటిసారట. తాతయ్య చెప్పినట్టే చెప్పడానికి నిలబడ్డారు. మాటకారి కదా, అయినా మాటలు వెతుక్కున్నారు.

‘మేస్త్రి గారు చెప్పింది నిజమేనండి. ఒక్క సీసా తియ్యలేదు. మేనేజరు గారు ఇవాళ కూడా పిలిచేరు. నా ఎదురుగానే అడిగేరు. ఈయన నిన్న చెప్పిన మాటే చెప్పేరు.’ ముఖం తుడుచుకున్నారు. ‘ఆ కంత దగ్గర నిలబడి చూస్తే… మనం ఆర్పేద్దామన్నది దీన్నా అనిపించిందండి. అంతే.’

మరుసటి రోజు నా స్నేహితురాలు పుస్తకాలు తీసుకుని మళ్ళీ నా పక్కకి వచ్చి కూర్చుంది. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. ఆ రోజు నుంచి రోజుకొకరు చొప్పున, అనుమానం ఉన్నవాళ్ళు ఒక్కొక్కరూ తాతయ్య పక్కన నిలబడి వచ్చారు. మూడో వారానికి అడిగేవాళ్ళు లేకపోయినా, వెళ్ళేవాళ్ళు మాత్రం తగ్గలేదు. చూడాలని వెళ్ళేవారు. తాతయ్య నీలం గాజు పలక ఇచ్చి అందరికీ చూపించేవారట.

సమ్మె ఇరవై ఆరు రోజులు సాగింది. ఇళ్ళల్లో గంజే భోజనమైంది. తోటలున్న ఒకరిద్దరు కొబ్బరికాయలు పంపారు, చర్చి వాళ్ళు బియ్యం పోగుచేసి ఇచ్చారు, టెంటులో ఆడవాళ్ళు ఒకటే గుండిగలో వండి వరసగా వడ్డించారు. చివరికి కార్మిక శాఖ ఆఫీసరు గారి ముందు రెండు పక్షాలూ కూర్చున్నాయి. పెద్ద బేరం ఒకటి కంపెనీ కోసం ఎదురుచూస్తోందని, పొయ్యి వేడిగా ఉంది కాబట్టి మర్నాడే పని మొదలుపెట్టవచ్చని, అందుకే యజమానులు దిగొచ్చారని సెక్రటరీ గారు తర్వాత చెప్పారు. పొయ్యి ఆరిపోయి ఉంటే గేటుకి తాళం వేసి, నింద మన మీద వేసి వెళ్ళిపోయేవారేమో అని కూడా అన్నారు. అది ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

అడిగినవన్నీ రాలేదు. సరుకు మోసేవాళ్ళు చాలా ఏళ్ళ దాకా కాంట్రాక్టరు కిందే ఉండిపోయారు. కానీ తొడుగులొచ్చాయి, అద్దాలొచ్చాయి, గేటు లోపల ఒక పాత వ్యాను వచ్చి నిలబడింది. సీసాలు ఏరే ఆడవాళ్ళ పేర్లు రిజిస్టర్లోకి ఎక్కాయి. అక్కకి స్టోరులో పని ఇచ్చారు. రిజిస్టరు చూపిస్తారని పిలిచిన రోజు అక్క పట్టుచీర కట్టుకుని వెళ్ళింది. సాయంత్రం వచ్చి, ‘నా ఇంటి పేరు తప్పు రాసేరే’ అంది. ‘మరి దిద్దించలేదా?’ అన్నాను. ‘దిద్దించకుండా వస్తానా? వాళ్ళ చేతే కొట్టేయించి మళ్ళీ రాయించేను’ అని చాలా రోజుల తర్వాత నవ్వింది.

ఆ సమ్మె తర్వాత సంఘంలో ఒక పద్ధతి స్థిరపడింది. కంపెనీతో మాట్లాడడానికి లోపలికి వెళ్ళినవాళ్ళు ఎవరైనా సరే, బయటికి రాగానే ఇంటికి పోకుండా అందరి ముందూ నిలబడి లోపలి మాటలన్నీ చెప్పాలి. రెండు వేల సంవత్సరం దాటాక సంఘానికి సొంతంగా ఒక రేకుల గది వచ్చింది. సెక్రటరీ గారు తప్పుకున్నాక అక్కే ప్రెసిడెంటు అయింది. నేను సెలవులకి వచ్చినప్పుడు ఒకసారి ఆమె మాట్లాడడం విన్నాను. గేట్లోంచి వచ్చి, చెప్పులు విడిచి నిలబడి, మొదటి నుంచి చివరి దాకా ఏదీ దాచకుండా చెప్పింది. ఒప్పించలేకపోయిన విషయం కూడా చెప్పింది. తాతయ్య అప్పటికి పని మానేసి ఇంట్లోనే ఉండేవారు. ఆ సాయంత్రం ఆయన చేయి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. మీటింగంతా విని, ‘కుర్రది బాగా చెప్పింది’ అన్నారు. అప్పటికి ఆ కుర్రదానికి ముప్పై దాటి ఐదారేళ్ళయింది.

తాతయ్య ఇప్పుడు లేరు. నేను ముమ్మిడివరం దగ్గర ఒక హైస్కూల్లో పంతులమ్మని. నా జుట్టూ నెరిసింది. పెద్దవాళ్ళం కదా, పిల్లలకి మనం చెప్పేదేమిటి అనే మాట నా చుట్టూ ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట నా నోటికి రాకుండా అడ్డుపడేది, వాకిట్లో నా ముందు నిలబడి ‘ఇంకేమైనా అడగాలా’ అన్న తాతయ్య గొంతు. కోపం వచ్చినప్పుడు కూడా, లోపలేం జరుగుతుందో కనబడని వాళ్ళకి అనుమానం రావడం సహజమేనని గుర్తు చేసుకుంటాను.

మొన్నామధ్య మా పిల్లల విహారయాత్రను ఆపేయాల్సి వచ్చింది. నిర్ణయం నాది. వేరే పంతుళ్ళు, నోటీసు అంటించేస్తే చాలన్నారు. నేను ఏడో తరగతి గదికి వెళ్ళి, పిల్లల్ని కూర్చోమని, ఎందుకు ఆపానో, వారం కిందటే ఆపాలనుకున్న సంగతితో సహా మొదటి నుంచీ చెప్పాను. వాళ్ళ ముఖాలు చిన్నబోయాయి, అయినా విన్నారు. చివర్లో మూల బెంచీలో ఒక అమ్మాయి లేచి, ‘మరి మీకు ముందే తెలుసు కదండీ టీచర్, ముందే ఎందుకు చెప్పలేదు?’ అని అడిగింది. ఆలోచించుకుని రేపు చెబుతానన్నాను. ఆ సాయంత్రమంతా ఆలోచించాను. మర్నాడు మొదటి గంటకే వెళ్ళి, ఆ అమ్మాయి బెంచీ ముందు నిలబడి, ముందే చెప్పకపోవడం నా తప్పేనని చెప్పాను.